పాట ఎక్కడ ఆగింది? ఇంట్లోని నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్ మొరాయించినప్పుడు

అందరికీ నమస్కారం.

కిందటేడు వేసవిలో ఒక రాత్రి మా వీధిలో కరెంటు పోయి, గంట తర్వాత వచ్చింది. తెల్లవారి మా నాన్నగారు ఎప్పటిలాగే ప్లేయర్ మీట నొక్కితే, నేను ఏళ్ల తరబడి క్యాసెట్ల నుంచీ సీడీల నుంచీ ఎక్కించుకుంటూ వచ్చిన పాటల్లో ఒక్కటీ కనబడలేదు. "పాటలన్నీ పోయాయిరా" అన్నారాయన. నిజానికి ఏమీ పోలేదు. కరెంటు రాగానే ప్లేయరుకు పాటలు అందించే సర్వర్ కంప్యూటరు ఆన్ అయింది కానీ, దానికి తగిలించిన హార్డ్ డిస్క్ ఇంకా అందుకోలేదు. ఆన్ అవగానే ఫోల్డరును స్కాన్ చేసేలా పెట్టింది నేనే కాబట్టి, సర్వర్ ఆ ఖాళీ ఫోల్డరును చూసి, పాటలన్నీ ఎవరో తీసేశారనుకొని తన జాబితాను తుడిచేసుకుంది. డిస్క్ కనబడ్డాక మళ్లీ స్కాన్ చేయిస్తే అన్నీ వచ్చాయి.

అయితే ఈ సంగతి తేలడానికి ముందు అరగంటలో నేను రౌటరును రీసెట్ చేసి, ప్లేయరులోని సెట్టింగులన్నీ చెరిపేసి కూర్చున్నాను. దాంతో ఒక్క లోపం ఉన్నచోట మూడయ్యాయి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది అందులోంచి పుట్టినదే: ఏ మీట నొక్కడానికైనా ముందు, పాట తన దారిలో ఎక్కడ ఆగిపోయిందో తేల్చుకోవాలి.

ఆ దారి ఏమిటంటే, పాటల ఫైళ్లు ఒక డిస్కులో ఉంటాయి. వాటి జాబితా కట్టి, అడిగినది అందించేది సర్వర్. అందిన దాన్ని శబ్దంగా మార్చి ఆంప్లిఫయరుకు పంపేది ప్లేయర్. ఇక మన చేతిలోని ఫోను వట్టి రిమోట్. చాలామంది పొరబడేది ఇక్కడే. బ్లూటూత్ అలవాటువల్ల పాట ఫోనులోంచే వెళుతోందనుకుంటారు. నేను చెబుతున్న ఏర్పాటులో పాట సర్వర్ నుంచి నేరుగా ప్లేయరుకు వెళుతుంది. ఫోను స్విచ్చాఫ్ చేసినా ఆగదు. కాబట్టి ఫోనులోని యాప్‌లో ప్లేయర్ కనబడనంత మాత్రాన ప్లేయర్ చెడిపోయినట్టు కాదు. యాప్‌ను పక్కన పెట్టి, కంప్యూటరు బ్రౌజరులో సర్వర్ పేజీని తెరవండి. అక్కడ ప్లేయర్ కనబడి, పాట మోగిందంటే జబ్బు ఫోనుదే.

ఉదాహరణకు నేను వాడే స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్ల కుటుంబాన్నే తీసుకుంటాను. స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ 2001లో స్లింప్3 అనే ప్లేయరును, 2003లో మొదటి స్క్వీజ్‌బాక్సును తెచ్చింది. 2006లో ఆ సంస్థను లాజిటెక్ కొన్నది. 2012లో ఆ ప్లేయర్ల తయారీ ఆపేసింది. వాటికి ఆసరాగా ఉన్న ఆన్‌లైన్ సేవ కూడా 2024లో ముగిసింది. అయినా సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా తీసుకొని మార్చుకోగలది, కావడంవల్ల, లిరియన్ మ్యూజిక్ సర్వర్ అన్న కొత్త పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. పాత ప్లేయర్లు దొరకనివారు రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీద అదే పనిని చేయించుకుంటున్నారు. ఇంట్లో దాచుకున్న పాటలకు బయటి సేవతో పని లేదన్నది దీన్నిబట్టే తెలుస్తుంది. ఇంటర్నెట్ రేడియో మూగబోయి సొంత పాటలు మోగుతుంటే ఇంట్లోని తీగలన్నీ పీకి చూడనక్కరలేదు.

ఇక నెట్‌వర్క్ దగ్గరికి వస్తాను. ఎక్కువ తంటాలు ఇక్కడే. ప్లేయర్ ఆన్ అవగానే "ఇక్కడ సర్వర్ ఎవరైనా ఉన్నారా" అని 3483 నంబరు పోర్టు మీద నెట్‌వర్క్ అంతటా వినబడేలా ఒక కేక వేస్తుంది. ఆ కేక రౌటరును దాటి అవతలికి పోదు. మన ఇళ్లలో ఫైబర్ కంపెనీవాళ్లు పెట్టిన పెట్టె కూడా రౌటరే. దాని సిగ్నల్ వెనక గదికి అందడం లేదని మనం ఇంకో రౌటర్ కొని దానికి తగిలిస్తాము. ఇప్పుడు ఒకే కప్పు కింద రెండు నెట్‌వర్కులు: ఒకదానిలో అడ్రసులు 192.168.1తో, రెండోదానిలో 192.168.0తో మొదలవుతాయి. సర్వర్ ఒకదానిలో, ప్లేయర్ మరొకదానిలో పడితే రెండింటికీ ఇంటర్నెట్ చక్కగా వస్తుంది కానీ, ఒకదాని కేక రెండోదానికి వినబడదు. రెండో రౌటరును యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వేరే నెట్‌వర్క్ కట్టకుండా మొదటిదాన్నే అందించేలా పెడితే ఇల్లంతా మళ్లీ ఒక్కటవుతుంది. గెస్ట్ వైఫైలో చేర్చిన ప్లేయరుదీ ఇదే కథ. ప్లేయరుకు 169.254తో మొదలయ్యే అడ్రసు కనబడిందంటే మాత్రం, రౌటర్ నుంచి అడ్రసు అందక అది తనకు తానే ఒకటి తగిలించుకుందని అర్థం. కరెంటు పోయి వచ్చాక రౌటర్ కంటే ప్లేయర్ ముందుగా ఆన్ అయినప్పుడు ఇలా జరుగుతుంటుంది. ప్లేయరును ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేస్తే చాలు.

పాట మధ్యమధ్య తెగుతుంటే నెట్ ప్లాన్ పెంచుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఇంట్లోని డిస్క్ నుంచి ఇంట్లోని ప్లేయరుకు పోయే పాట ఇంటర్నెట్ మొహమే చూడదు. పైగా సీడీ నాణ్యత గల పాటకు, కుదించకుండా పంపినా, సెకనుకు 1,411 కిలోబిట్లు చాలు. వేగం చాలకపోవడం కాదు, ధార తెగడమే అసలు ఇబ్బంది. స్లాబు ఇంట్లో రెండు గోడలు, వాటి మధ్య ఒక ఇనప బీరువా ఉంటే వైఫైకి అంతకంటే అడ్డంకి అక్కరలేదు. పాత స్క్వీజ్‌బాక్సులకు 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై తప్ప తెలియదు. డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం వైఫై భద్రత మాత్రమే పెట్టిన కొత్త రౌటరులోకి అవి చేరలేవు. ఇలాంటి సందేహం వచ్చినప్పుడు పొడవాటి కేబుల్ ఒకటి తెచ్చి, గుమ్మాల మీదుగా లాగి, ప్లేయరుకు ఒక్క పూట తగిలించి చూడండి. ఇంట్లో అందరూ కాళ్లకు అడ్డం పడుతోందని విసుక్కున్నా, తప్పు వైఫైదో కాదో ఆ పూటలో తేలిపోతుంది.

రాస్‌బెర్రీ పై వాడేవారు అడాప్టరును కూడా అనుమానించాలి. మూడో తరం రాస్‌బెర్రీ పైకి 5.1 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు, నాలుగో తరానికి మూడు ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ ఉండాలని తయారీదారులే చెబుతారు. డ్రాయరులో దొరికిన పాత ఫోన్ ఛార్జరు తగిలించి, పాట మొదలవగానే రీస్టార్ట్ అవుతోందని బాధపడేవారిని చూశాను.

పాటలు మోగుతూ పేర్లు మాత్రం చెడిపోవడం తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే బెడద. దీని మీద కొంచెం ఎక్కువ సేపు నిలుస్తాను. ఎంపీత్రీ ఫైళ్లలో పాట వివరాలను దాచే చోటును ఐడీ3 ట్యాగ్ అంటారు; దాని మొదటి రకంలో పాట పేరుకు కేటాయించిన చోటు 30 బైట్లు. అక్షరాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడేసి బైట్లు కావాలి. గుణింతం, పొల్లు, సున్నా వేటికవే లెక్క. ఏ ప్రోగ్రామైనా "పంచరత్న కీర్తనలు" అనే పేరును ఈ చోటులో ఇరికించిందనుకోండి, "పంచరత్న కీ" దగ్గరికి 28 బైట్లు అయిపోతాయి. మిగిలిన రెండింటిలో "ర" పట్టదు. తెర మీద "కీ" పక్కన ఒక ప్రశ్నార్థకం మిగులుతుంది. ట్యాగ్‌లను రెండో రకంలోకి మార్చి, మొదటి రకాన్ని తీసేస్తే ఇది పోతుంది.

ఇంకొక చిక్కు దీనికంటే లోతుగా దాక్కుంటుంది. మన ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు: ఒకే గుర్తుగానూ, ఎత్వానికి కింది భాగాన్ని జోడించి రెండు గుర్తులుగానూ. కంటికి రెండూ ఒకటే. కొన్నేళ్ల కిందటి వరకు మ్యాక్ కంప్యూటర్లు ఫైళ్ల పేర్లను విడగొట్టిన రూపంలోనే దాచేవి. అక్కడి నుంచి లినక్స్ సర్వరుకు తెచ్చిన "భైరవి.mp3" ఫోల్డరులో ఎదురుగానే ఉంటుంది, మనం టైపు చేసిన ప్లేలిస్ట్ మాత్రం ఆ ఫైలు లేదంటుంది. తోడి, కల్యాణి హాయిగా మోగి, భైరవి ఒక్కటే మొండికేస్తే డిస్క్ మీద అనుమానపడకండి. ఫైలు పేరును చెరిపి, మళ్లీ మీ చేత్తో టైపు చేయండి.

ఇప్పుడు ఈ బల్ల మీదున్న ప్లేయరులో పాట మోగుతోంది. సర్వరుకు వెళ్లే ఈ కేబులును మీ ముందే పీకుతున్నాను. చూశారుగా, పాట ఆగలేదు. ముందే వచ్చి ప్లేయరులోని బఫర్ అనే తాత్కాలిక నిల్వలో చేరినంత మేరకు మోగుతూనే ఉంటుంది. రెండు మెగాబైట్ల బఫర్ అనుకుంటే, సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీత్రీకి రెండు నిమిషాలు దాటుతుంది. కుదించని సీడీ పాటకు పన్నెండు సెకన్లు కూడా రాదు. అంటే పాట ఆగిన క్షణానికీ దారి తెగిన క్షణానికీ మధ్య ఇంత ఎడం ఉండవచ్చు. మీరు వెతకవలసింది ఆగడానికి కొంచెం ముందు ఇంట్లో ఏం జరిగిందో. ఇది ఎంపీత్రీయే. మోగుతున్నంతసేపు మీ ప్రశ్నలు అడగండి, ఆగాక కేబుల్ మళ్లీ పెడతాను.