విక్స్‌బర్గ్ జూలై 4న పడలేదు! అసలు తేదీ ఇదీ

ఉత్తరాదికీ దక్షిణాదికీ జరిగిన అమెరికా అంతర్యుద్ధాన్ని మలుపు తిప్పింది గెటిస్‌బర్గ్ యుద్ధమా, విక్స్‌బర్గ్ ముట్టడా? ఈ గొడవ మీకు కొత్త కాదు. నా మాట మాత్రం ఒక్కటే, రాసిపెట్టుకోండి. విక్స్‌బర్గ్ లొంగింది 1863 జూలై 4నే, కానీ దాని రాత తేలిపోయింది ఏప్రిల్ 16 రాత్రే! 47 రోజుల ముట్టడి అంతా ఆ తర్వాతి లెక్క.

ఊరు దక్షిణాది చేతిలో ఉంది, మిసిసిపీ నది వంపు మీద, ఎత్తైన గట్టున. ఉత్తరాది సేనాని గ్రాంట్ సైన్యం అవతలి ఒడ్డున నడిచి దిగువకు పోగలదు. కానీ మళ్ళీ నది దాటాలిగా? ఓడలేమో ఊరికి ఎగువన. మధ్యలో బారులు తీరిన ఫిరంగులు!

ఉత్తరాది ఓడల దళపతి పోర్టర్ ఏం చేశాడో చూడండి. బాయిలర్ల చుట్టూ పత్తి బేళ్ళు, గడ్డి మోపులు పేర్పించాడు. బొగ్గు పడవల్ని ఓడలకు కుడి పక్కన కట్టించాడు. కుడి పక్కే ఎందుకు? శత్రువు ఎడమ గట్టున ఉన్నాడు, అటు ఫిరంగులకు అడ్డం ఉండకూడదు. చీకట్లో, నీటివాలున దిగాడు. కాన్ఫెడరేట్లు, అంటే దక్షిణాది వాళ్ళు, ఒడ్డున మంటలు పెట్టి నదంతా వెలుగు చేశారు. అయినా ఓడలు గట్టు కిందకే ఒరుసుకుని పోతుంటే, పైనున్న ఫిరంగి మూతి అంత కిందకి వంగదు! గుళ్ళు పైనుంచి పోయాయి. మునిగిన రవాణా ఓడ ఒక్కటే, హెన్రీ క్లే. రక్షణకని పెట్టిన పత్తే అంటుకుంది.

ఇంకోటి. ఒకసారి దిగితే ఆ బరువైన ఇనుప ఓడలు ఎదురీది వెనక్కి రాలేవు, ఫిరంగులకు దొరికిపోతాయి. పోర్టర్ ఈ మాట గ్రాంట్‌కి ముందే చెప్పాడు. తెలిసే దిగారు! అదీ తెగింపంటే.

ఏప్రిల్ 30న గ్రాంట్ సైన్యం ఊరికి దిగువన బ్రూయిన్స్‌బర్గ్ దగ్గర ఆ ఓడల మీద నది దాటింది. మే 1 నుంచి 17 లోపు అయిదు యుద్ధాలు, అయిదూ గెలుపే. దక్షిణాది సేనాని పెంబర్టన్ ఊళ్ళో చిక్కుకుపోయాడు.

ఇక సొరంగం, సొరంగం అని ఊగిపోయేవాళ్ళకి. గ్రాంట్ మనుషులు శత్రువు కోట గోడ కిందకి సొరంగం తవ్వి, జూన్ 25న 2,200 పౌన్ల మందుగుండు, అంటే సుమారు 1,000 కిలోలు పేల్చారు. ఏమైంది? కాన్ఫెడరేట్లు వెనక ఇంకో గోడ ముందే కట్టుకున్నారు. గోతిలోకి దూకినవాళ్ళు అందులోనే ఇరుక్కున్నారు, పైనుంచి వెలిగించిన గుళ్ళు దొర్లించారు. ఊరు లొంగలేదు!

లొంగదీసింది ఆకలి. బొబ్బర్ల పిండితో రొట్టె కాల్చారు పాపం. ఎంత కాల్చినా పైన రాయి, లోపల పచ్చి పిండి. కంచరగాడిద మాంసం దాకా వచ్చింది. చివరికి 29,000 మందికి పైగా ఆయుధాలు దించారు. మరి ఊరికి తిండి ఎలా ఆగింది? గ్రాంట్ వెనక నుంచి వచ్చి చుట్టేశాడు కాబట్టి.

కాదన్నవాళ్ళు కామెంట్‌లో ఒక్కటి చెప్పండి. ఆ రాత్రి ఓడలు దిగకపోతే, బ్రూయిన్స్‌బర్గ్ దగ్గర సైన్యాన్ని దేని మీద దాటించేవారు?