పక్కటెముకల కింద నుంచి తలలోకి ఎక్కిన గ్రీకు మాట

నమస్కారం. ఈరోజు ఒక యుద్ధంతో మొదలుపెడదాం. ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్‌లో పాట్రొక్లస్ అనే యోధుడు విసిరిన ఈటె శత్రువు సార్పిడాన్‌కు తగులుతుంది. ఎక్కడ తగిలిందో కవి స్పష్టంగా చెబుతాడు: గుండెను చుట్టి ఫ్రెనెస్ అనేవి ఉండే చోట. ఆ తర్వాత ఈటెను లాగితే, ఫ్రెనెస్ కూడా దాని వెంటే బయటికొస్తాయి.

అదే కావ్యం మొదట్లో గ్రీకు వీరుడు అకిలీస్ కోపంతో ఊగిపోతుంటాడు. తమ సేనకు నాయకుడైన అగమెమ్నాన్‌ను చంపేయాలా, కోపం దిగమింగుకోవాలా అని మథనపడతాడు. ఆ మథనం జరిగేదీ ఫ్రెనెస్‌లోనే!

ఈటెతో ఊడివచ్చే అవయవానికీ, ఆలోచన పుట్టే చోటుకీ ఒకటే పేరు. ఫ్రెనెస్ అంటే ఊపిరితిత్తులని కొందరు పండితులు అంటారు. తర్వాతి వైద్యులు మాత్రం ఆ పేరుతో పిలిచింది ఉదరవితానాన్ని, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే పల్చటి కండరాన్ని. నాకైతే హోమర్ కాలం వాళ్లు పొరబడ్డారని అనిపించదు. భయమేసినా, కోపమొచ్చినా ముందు మారేది ఊపిరే కదా. మనమూ కడుపు రగిలిపోతోందనే అంటాం, మెదడు రగిలిపోతోందని అనం.

క్రీ.పూ. 400 ప్రాంతంలో మూర్ఛరోగం గురించి ఒక గ్రీకు వైద్యుడు గ్రంథం రాశాడు. హిపొక్రటీస్ పేరు మీద మనకు దొరికింది. మూర్ఛ దేవుడి శాపం కాదు, మెదడు జబ్బు అని ఆయన వాదన. అందులోనే ఈ మాటను కూడా నిలదీశాడు. ఫ్రెనెస్‌కు ఆ పేరు అలవాటుగా వచ్చిందే తప్ప వాటికి ఆలోచన లేదు, పల్చగా విస్తరించి ఉన్నాయి కాబట్టి హఠాత్తుగా సంతోషం కలిగినా, దుఃఖం కలిగినా ఎగిరిపడతాయి, అంతే అన్నాడు. అంత పాత కాలంలో ఈ మాట అనగలగడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

అయినా మాట వెనక్కి తగ్గలేదు. కండరాన్ని వదిలి మనసునే పట్టుకుంది. జ్వరంలో వచ్చే సంధికి, అంటే మతి తప్పి పలవరించడానికి, ఫ్రెనైటిస్ అని పేరు పెట్టారు. 1908లో స్విట్జర్లాండ్ డాక్టర్ యూజెన్ బ్లాయిలర్ ఒక మానసిక వ్యాధికి స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టాడు, చీలిన మనసు అనే అర్థంతో. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ పేరు చూసి ఒక మనిషిలో ఇద్దరు మనుషులు ఉంటారని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఆలోచన, భావం, మాట ఒకదానితో ఒకటి కలవకుండా పోవడమే బ్లాయిలర్ చెప్పిన చీలిక. ఆ పొరపాటు వల్ల రోగులు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఇప్పటికీ బాధపడుతున్నారు.

పాత అర్థం మాత్రం చచ్చిపోలేదు. మెడ దగ్గర బయల్దేరి, గుండె పక్కగా దిగి, ఉదరవితానాన్ని కదిలించే నరాన్ని డాక్టర్లు ఇప్పటికీ ఫ్రెనిక్ నరం అంటారు. ఎక్కిళ్లు వచ్చినప్పుడు ఎగిరిపడేది ఆ కండరమే. అప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏమంటారు? 'నిన్నెవరో తలుచుకుంటున్నారు' అంటారు.