మెదడు గురించి పిలిచారు, కాలేయం గురించి మాట్లాడతాను

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, వెనక నిలబడి వింటున్న పిల్లలకు నమస్కారం. నా గురించి చెప్పిన మంచి మాటల్లో సగం నిజమే, సంతోషం. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేనెవర్నీ ప్రశ్నలు అడగను.

నాకిచ్చిన అంశం అల్ట్రాసౌండ్, అంటే చెవికి వినబడని ధ్వని, దాని సాయంతో మెదడుకు జీన్ థెరపీ, అంటే కణాల్లోకి పనిచేసే జీన్‌ను పంపే చికిత్స. మూడు భాగాలుగా రాసుకొచ్చాను: అడ్డుగోడ, ధ్వని, భవిష్యత్తు. మూడోదాని దాకా వెళ్తానని మాటివ్వలేను.

1885లో పాల్ ఎర్లిష్ అనే జర్మన్ శాస్త్రవేత్త జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూశాడు. ఒళ్ళంతా రంగు పట్టింది, మెదడుకు తప్ప. మెదడుకు ఆ గుణమే లేదేమో అనుకున్నాడు. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ మెదడును తడిపే ద్రవంలోకే రంగు ఎక్కించాడు. ఈసారి మెదడుకు పట్టింది, ఒంటికి పట్టలేదు. అంటే మధ్యలో ఏదో అడ్డు ఉంది. మెదడులోని రక్తనాళాల లోపలి కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి, అదే ఆ అడ్డు. విషాన్ని ఆపుతుంది, మందునూ ఆపుతుంది.

2001లో హైనినెన్ అనే పరిశోధకుడి బృందం కుందేళ్ళలో ఆ అడ్డును కాసేపు సడలించి చూపించింది. ముందు నరంలోకి గ్యాసు నింపిన సూక్ష్మ బుడగలు ఎక్కిస్తారు. ఒక్కొక్కటి మహా అయితే ఎర్రరక్తకణం అంత ఉంటుంది. పుర్రె బయటి నుంచి ధ్వనిని ఒకే చోట కలిసేలా పంపిస్తే అక్కడి బుడగలు ఉబ్బుతూ కుంచించుకుపోతూ రక్తనాళం గోడను కదుపుతాయి, అతుకులు వదులవుతాయి. శక్తి ఎక్కువైతే బుడగలు పగిలి రక్తస్రావం కావచ్చు. అందుకే బుడగల నుంచి తిరిగొచ్చే ధ్వనిని వింటూ శక్తిని సరిచేస్తుంటారు.

మనుషుల్లో ఎలా చేస్తారంటే, తల గొరిగి, ఫ్రేములో కదలకుండా బిగించి, 1,024 ధ్వని వనరులున్న హెల్మెట్ లాంటి పరికరంలో పెడతారు. తలకీ దానికీ మధ్య నీళ్ళు. ఇదంతా ఎమ్మారై యంత్రంలోనే. ఆఖర్న కాంట్రాస్టు మందు ఎక్కిస్తే, వదులైన చోట మాత్రం ఫిల్ములో తెల్లటి మచ్చ కనిపిస్తుంది. మర్నాటికి ఆ మచ్చ ఉండదు, మూసుకుపోతుంది. 2018లో టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రి వాళ్ళు ఐదుగురు అల్జీమర్స్ రోగుల్లో ఇది చేసి ప్రచురించారు. కానీ వాళ్ళకు ఏ జీనూ ఇవ్వలేదు. అడ్డు తెరుచుకుంటుందా, మూసుకుంటుందా అని చూశారు, అంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జన్యులోపంతో పుట్టిన పాప తండ్రి ఒకాయన ఫోన్లో వార్త చూపించాడు. 'కోత లేదు, కుట్టు లేదు, మెదడుకు జీన్ చికిత్స' అని హెడ్డింగు. "సార్, ఏ నెలలో తీసుకురమ్మంటారు?" అన్నాడు. వార్త మొత్తం చదివాను. 'ఎలుకల్లో' అన్న మాట కింద ఎక్కడో ఉంది. ఆయన అంతదాకా చదవలేదు. బిడ్డ నాదైతే నేనూ చదివేవాణ్ణి కాను. ఆ మాటను అంత కింద పెట్టినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ వార్తలో అసలే లేని విషయం కాలేయం. జీన్‌ను మోసుకెళ్ళేది ఏఏవీ అనే చిన్న వైరస్. నరంలోకి ఎక్కిస్తే అది ఒళ్ళంతా తిరుగుతుంది, పెద్ద వాటా కాలేయం లాక్కుంటుంది. రెండేళ్ళలోపు పిల్లల వెన్నుపూస కండర క్షీణతకు 2019లో అమెరికాలో అనుమతి పొందిన, ఇలాగే నరంలోకి ఎక్కించే జోల్‌జెన్‌స్మా అనే జీన్ మందు మోతాదు ఎంతో తెలుసా? కిలో బరువుకు 110 లక్షల కోట్ల వైరస్ కణాలు! ఆ మందు ఎందరో పిల్లల్ని బతికించింది. 2022లో ఇద్దరు పిల్లలు అది తీసుకున్నాక కాలేయం విఫలమై చనిపోయారన్నదీ నిజమే.

మరి నేరుగా మెదడులోకే ఎక్కించొచ్చు కదా అంటారా? ఎక్కిస్తున్నారు. ఏఏడీసీ లోపం అనే అరుదైన జన్యు జబ్బుకు పుర్రెకు రంధ్రాలు చేసి ఇచ్చే చికిత్సకు 2022లో యూరప్, 2024లో అమెరికా అనుమతిచ్చాయి. చోటు చిన్నదైతే అది బాగానే ఉంటుంది. జబ్బు మెదడంతా పరుచుకుంటే ఎన్ని రంధ్రాలు పెడతాం? ధ్వనినైతే ఒకే సిటింగులో ఒకచోటి నుంచి మరోచోటికి జరపొచ్చు. దాని అసలు బలం అక్కడుంది. బలహీనత మాత్రం కాలేయమే, ఎందుకంటే ఇక్కడా వైరస్‌ను నరంలోకే ఎక్కించాలి. తెరిచిన చోట వైరస్ ఎక్కువగా దిగుతుంది, సరే, కానీ మిగతాది పాత దారినే పోతుంది. అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో జెర్జీ షాబ్లోవ్‌స్కీ బృందం వైరస్ పైతొడుగునే మార్చి, ధ్వనితో తెరిచిన చోట ఎక్కువ, కాలేయంలో తక్కువ చేరేలా చేసింది. అదీ ఎలుకల్లోనే. నన్నడిగితే, పరికరం కన్నా ఈ పని మీదే నాకు ఆశ ఎక్కువ.

టైమైందని సైగ చేస్తున్నారు, భవిష్యత్తు వదిలేస్తాను. ఒక్క మాట, తల్లిదండ్రుల కోసం. ఏఏవీ ఒకసారి ఒంట్లోకి వెళ్తే దానికి యాంటీబాడీలు తయారవుతాయి. మళ్ళీ అలాంటి వైరస్‌తోనే మందు ఇవ్వాలంటే సాధారణంగా కుదరదు. కాబట్టి తొలి దశ ట్రయల్లో బిడ్డను చేర్చేముందు, ఇంతకన్నా మంచిది రేపు వస్తే దానికి మా బిడ్డ పనికొస్తుందా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు.

ఇక్కడ విలేకరులు కనిపిస్తున్నారు. బాబూ, రేపు ఏమైనా రాస్తే, దేని మీద చేశారో మొదటి వాక్యంలోనే రాయండి. ఎలుకైతే ఎలుక, కోతైతే కోతి.