రండి అని పిలిచే ముందు

శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు నా మాటలు సాఫ్ట్‌వేర్ చుట్టూ తిరుగుతాయి, అయినా సాఫ్ట్‌వేర్ తెలియనివాళ్ళు రేడియో కట్టేయకండి. అసలు సంగతి మనుషుల్ని పోగేయడం, పోగేసినవాళ్ళని నిలబెట్టుకోవడం. గుడి కమిటీ నడిపేవాళ్ళకీ, కాలనీ అసోసియేషన్ నడిపేవాళ్ళకీ ఇదే తలనొప్పి.

కంప్యూటర్‌లో వీఎల్‌సీ పెట్టుకుని సినిమా చూస్తాం, ఫైర్‌ఫాక్స్ తెరిచి రైలు టికెట్ బుక్ చేస్తాం, లిబ్రేఆఫీస్‌లో అప్లికేషన్ టైపు చేస్తాం. ఇవన్నీ ఓపెన్ సోర్స్. లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. కోడ్ రాసేవాళ్ళ గురించి అందరూ చెప్తారు గానీ, దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, ఏ బటన్ నొక్కితే ఏమవుతుంది, తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనిపిస్తే ఏం చేయాలి, ఇవన్నీ ఓపిగ్గా రాసిపెట్టే పని ఇంకోటి ఉంది. దాన్నే డాక్యుమెంటేషన్ అంటారు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు ఎక్కువగా ఉండే వెబ్‌సైటు గిట్‌హబ్. అది 2017లో చేసిన సర్వేలో 93 శాతం మంది డాక్యుమెంటేషన్ అరకొరగా ఉంటోంది, లేదా పాతబడిపోయి ఉంటోంది అన్నారు. అదే సర్వేలో ప్రాజెక్టులకు పని చేసేవాళ్ళలో 60 శాతం మంది, మేము దాని జోలికి వెళ్ళడం అరుదు, లేదా అసలు వెళ్ళం అన్నారు. అందరికీ కావాలి, రాసేవాళ్ళు లేరు.

కాబట్టి డాక్యుమెంటేషన్ రాసే బృందం నడిపేవాళ్ళకి మొదట తట్టేది, జనాన్ని పెంచుదాం అని. మన హైదరాబాద్‌లో అది చాలా తేలిక. ఘట్‌కేసర్ వైపు వెళ్ళినా, ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళినా ఇంజినీరింగ్ కాలేజీలే. ఒక ఆడిటోరియం, ఒక ఫ్లెక్సీ, చివర్లో సర్టిఫికెట్, మధ్యాహ్నం బిర్యానీ. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో రెండొందల మంది. నెల తిరిగేసరికి ఆ గ్రూపులో మిగిలేవి గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు.

జనం పెరిగితే పని పెరుగుతుందా అంటే, నేను ఎక్కడ మాట్లాడినా ఒక కథ చెప్తాను. ఇవాళా అదే చెప్తాను.

డిజిటల్ ఓషన్ అని అమెరికా కంపెనీ ఒకటి. 2014 నుంచి ఏటా అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అని నడుపుతోంది. మంచి ఉద్దేశమే, కొత్తవాళ్ళు ఓపెన్ సోర్స్‌లోకి రావాలని. 2020లో రూలు ఏంటంటే, ఆ నెలలో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపాలి. పుల్ రిక్వెస్ట్ అంటే పెద్దగా ఏం లేదు, "మీ ప్రాజెక్టులో ఇది దిద్దాను, చూసి కలుపుకోండి" అని పంపే అర్జీ. నాలుగు పంపిన మొదటి డెబ్బై వేల మందికి టీషర్టు, వద్దంటే ఆ పేరు మీద ఒక చెట్టు.

ఇక చూడండి. నాలుగు మార్పులు కావాలి, కోడ్ రాయాలంటే కష్టం. మరి ఏది తేలిక? రీడ్‌మీ ఫైలు. ప్రతి ప్రాజెక్టుకీ గుమ్మంలోనే ఉండే పరిచయం పేజీ, అంటే డాక్యుమెంటేషనే. దానికి తోడు మన దేశంలోనే లక్షల మంది చూసే ఒక యూట్యూబ్ ఛానల్‌లో, రీడ్‌మీలో ఒక ముక్క చేర్చి పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో చూపించారు. ఉదాహరణకి చూపించిందే అనుకోండి. కానీ చూసినవాళ్ళు ఆ ఉదాహరణనే మక్కీకి మక్కీ దించేశారు. అక్టోబరు ఒకటో తారీఖు నుంచి ప్రపంచం నలుమూలలా పేరున్న ప్రాజెక్టుల మీద అర్జీలు వచ్చి పడ్డాయి. పేజీ పైన "అద్భుతమైన ప్రాజెక్టు" అని ఒక లైను చేర్చడం, ఒక మాట తీసి దాని బదులు ఇంకో మాట పెట్టడం. దానికి శీర్షిక ఏమిటంటే, డాక్యుమెంటేషన్ మెరుగుపరిచాను!

అవతల వీటిని చూడాల్సినవాళ్ళు ఎవరు? జీతం లేకుండా, ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి పూట కూర్చునేవాళ్ళు. ఒక్కోటీ తెరవాలి, చదవాలి, స్పామ్ అని ముద్ర వేసి మూయాలి, మళ్ళీ ఇంకోటి. నిజంగా పనికొచ్చే దిద్దుబాటు పంపిన కొత్త కుర్రాడో, కొత్త అమ్మాయో ఉంటే, వాళ్ళది కూడా ఆ కుప్పలోనే. గోల ఎక్కువై కొద్ది రోజుల్లోనే కంపెనీ రూలు మార్చింది: ఇందులో చేరతామని ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్క. 2023కల్లా టీషర్టులే ఆపేశారు.

నేను ఆ పిల్లల్ని తిట్టను. నాలుగు కావాలన్నారు, నాలుగు ఇచ్చారు. ఎంసెట్ నుంచి క్యాంపస్ ప్లేస్‌మెంట్ దాకా అంకెలతోనే పెంచి, ఇక్కడ మాత్రం అంకె చూడొద్దంటే ఎలా? తప్పు లెక్కపెట్టిన చోట ఉంది. ఎందరు పంపారో లెక్కపెట్టారు, పంపింది చూసేవాళ్ళు ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు.

చూసేవాళ్ళు ఎందరు? ఇదొక్కటే నా మాట. పెళ్ళికి వెయ్యి శుభలేఖలు పంచి, వడ్డనకు ఇద్దర్ని పెట్టుకుంటామా?

లినక్స్ అని విండోస్ లాంటిదే ఓపెన్ సోర్స్‌లో ఒకటి ఉంది. అది వాడేవాళ్ళు రోజూ తెరిచే మాన్ పేజీలనే, అంటే ఏ కమాండ్ ఏం చేస్తుందో చెప్పే పేజీలనే తీసుకోండి. 2004 నుంచి పదిహేనేళ్ళకు పైగా వాటి భారం ప్రధానంగా మైకెల్ కెరిస్క్ అనే ఒక్క మనిషి మీదే. తర్వాత అలెహాండ్రో కొలోమర్ ఎత్తుకున్నాడు, ఖాళీ సమయంలో, ఉచితంగా. 2024లో ఇక డబ్బు లేకుండా నా వల్ల కాదని ఆపేశాడు. ఆ తర్వాతే కొన్ని కంపెనీలు కదిలాయి. ప్రపంచంలో సర్వర్లు చాలావరకు నడిచేది లినక్స్ మీదే, దాని వివరాల పుస్తకం పరిస్థితి ఇది!

సరే, మన లెక్కకి వద్దాం. మీ బృందంలో రివ్యూ చేసేవాళ్ళు, అంటే వచ్చినవి చదివి సరిచూసేవాళ్ళు, ఇద్దరు అనుకోండి. ఒక్కొక్కరికి వారంలో దొరికేది రెండు గంటలు. ఒక పేజీ చదివి, అందులో చెప్పిన మెట్లన్నీ తమ కంప్యూటర్‌లో చేసి చూసి, మర్యాదగా జవాబు రాయడానికి అరగంట. అంటే ఇద్దరూ కలిసి వారానికి ఎనిమిది పేజీలు. అంతే. రెండొందల మందిని పిలిస్తే, ఒక్కొక్కరు ఒక్కటే పంపినా, చివరివాళ్ళ వంతు వచ్చేసరికి దాదాపు ఆరు నెలలు పడుతుంది.

అప్పటిదాకా ఎవరు కూర్చుంటారు? మొజిల్లా, అదే ఫైర్‌ఫాక్స్ వాళ్ళు, ఒకసారి తమ దగ్గరి లెక్కలు తీశారు. మొదటిసారి పంపిన కోడ్‌కి 48 గంటల్లోపు జవాబు అందినవాళ్ళు చాలా ఎక్కువగా తిరిగి వచ్చారు. ఏడు రోజులు దాటాక జవాబు అందినవాళ్ళు దాదాపు ఎవరూ రాలేదు. అది కోడ్ లెక్కే, కానీ వ్యాసం పంపినా, స్క్రీన్‌షాట్ పంపినా మనిషి మనసు అదే కదా. తెలుగు వికీపీడియాలో దీనికి చక్కటి ఏర్పాటు ఉంది. కొత్తగా చేరినవాళ్ళు తమ చర్చా పేజీలో "సహాయం కావాలి" అని ఒక మూస, అంటే ముందే తయారుచేసి ఉంచిన ముక్క, పెడితే చాలు, పాతవాళ్ళెవరో వచ్చి పలకరిస్తారు. 2003 డిసెంబరులో మొదలైనది ఇవాళ్టికీ నడుస్తోందంటే, అలా పలకరించేవాళ్ళకి అందులో కొంత వాటా ఉందని నా నమ్మకం.

కాబట్టి ఈ ఏడాది మీ బృందాన్ని పెంచాలనుకుంటే కాలేజీకి ఫోన్ చేయకండి ఇప్పుడే. ముందు మీ పాత జాబితా తీయండి. సరైన దిద్దుబాట్లు మూడు పంపినవాళ్ళు ఎవరో చూడండి, ముగ్గురో నలుగురో ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి, "వచ్చే ఆదివారం నా పక్కన కూర్చుని రివ్యూ చేస్తావా అమ్మా, చేస్తావా నాన్నా" అని అడగండి. గ్రూపులో మెసేజ్ పెడితే ఎవరూ పలకరు, విడిగా అడిగితే చాలామంది కాదనరు. రెండు ఆదివారాలు పక్కన కూర్చోబెట్టుకోండి, మూడో ఆదివారం వాళ్ళకే వదిలేయండి. అలా ఇద్దరు తయారయ్యాక ఒక ఇరవై మందిని పిలవండి, రెండొందలు కాదు.

వాళ్ళు తెలియక తప్పు పేజీని ఓకే చేసేస్తే ఎలా అని సీనియర్లకి టెన్షన్. చేసిన ప్రతి మార్పునీ దాచి ఉంచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాత ప్రతులన్నీ భద్రంగా ఉంటాయండీ. వెనక్కి తిప్పడం రెండు నిమిషాల పని.

నా టైమ్ అయిపోయింది. సెలవు, నమస్కారం.