నెట్ స్లో అయితే రౌటర్ మార్చాలా?

యాంకర్: నమస్కారం. ఇంట్లో వైఫై గురించి మీ సందేహాలకు జవాబులు చెప్పడానికి నెట్‌వర్క్ ఇంజనీరు గారు మనతో ఉన్నారు. తెనాలి నుంచి కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండి. మా అమ్మాయి మేడ మీద గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంది. మీటింగ్ మధ్యలో మాట ఆగిపోతోందని రోజూ టెన్షనే. మాది 150 ఎంబీపీఎస్ ప్లాన్. నెట్ అబ్బాయి 300 ప్లాన్‌కి మారమంటాడు. మా తమ్ముడేమో కొత్త తరం వైఫై 7 రౌటర్ కొనమంటాడు. ఏం చెయ్యమంటారు?

ఇంజనీరు: రెండూ ఇప్పుడే వద్దమ్మా. వీడియో మీటింగ్‌కి నాలుగైదు ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. అదే పైకి చేరట్లేదంటే లోపం ప్లాన్‌లో కాదు, దారిలో ఉంది. మీ బాక్సు ఎక్కడ పెట్టారు?

కాలర్: కింద హాల్లో, టీవీ వెనకాల. రెండున్నాయండి. కనెక్షన్‌తో పాటు వాళ్లిచ్చింది ఒకటి, దానికి తగిలించిన మా పాత రౌటర్ ఒకటి. ఫోన్లు, టీవీ అన్నీ ఆ పాతదానికే కలిపి ఉన్నాయి.

ఇంజనీరు: పాతదాని మీద ఏం రాసుందో చూసి చెప్తారా?

కాలర్: ఒక్క నిమిషం... 300 అని ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంది.

ఇంజనీరు: 5 గిగాహెర్ట్జ్ అని ఎక్కడా లేదా?

కాలర్: లేదండి.

ఇంజనీరు: ఇక్కడే ఆగిపోతోందమ్మా. ఆ 300 కాగితం మీది లెక్క, చేతికొచ్చేది అందులో సగం కూడా ఉండదు. 2.4 గిగాహెర్ట్జ్ అంటే వైఫై సిగ్నల్ నడిచే ఒక బ్యాండ్. అందులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు, అంటే సిగ్నల్ దారులు, మూడే, 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ వాటిలోనే సర్దుకోవాలి. పైగా ఇలాంటి పాత రౌటర్లలో చాలావాటికి కేబుల్ పోర్టు 100 ఎంబీపీఎస్ దాటనివ్వదు. ఆ రౌటర్ ఉండగా 300 ప్లాన్ తీసుకుంటే నెలనెలా ఊరికే ఎక్కువ కట్టినట్టే.

కాలర్: అయితే కొత్తది కొనాల్సిందేగా?

ఇంజనీరు: తొందరపడకండి. వాళ్లిచ్చిన బాక్సు కింద స్టిక్కర్ మీద వైఫై పేర్లు ఉన్నాయా?

కాలర్: రెండున్నాయండి. ఒకదాని చివర 5జి అని ఉంది. మేమెప్పుడూ వాడలేదు.

ఇంజనీరు: అది మొబైల్ 5జి కాదు, 5 గిగాహెర్ట్జ్ అని గుర్తు. ఫోన్‌ని దానికి కలిపి, బాక్సు దగ్గరే నిలబడి స్పీడ్ టెస్ట్ చెయ్యండి. 150కి దగ్గరగా వస్తే లైన్ బాగున్నట్టే. అప్పుడు పాత రౌటర్ తీసేసి, దాని వైఫై పేరు, పాస్‌వర్డే ఈ బాక్సుకి పెట్టించండి. ఫోన్లు, టీవీ చాలావరకు వాటంతటవే కలుస్తాయి. బాక్సుని టీవీ వెనక నుంచి తీసి ఎత్తులో, బీరువాకి దూరంగా పెట్టండి.

యాంకర్: మరి మేడ మీద గది సంగతి?

ఇంజనీరు: 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే గానీ స్లాబు దాటేసరికి బాగా తగ్గిపోతుంది. అందుకే పైకి ఒక క్యాట్ 6 నెట్ కేబుల్ లాగించి, ఆ గదిలో చిన్న యాక్సెస్ పాయింట్, అంటే ఆ కేబుల్ నుంచి గదికి వైఫై ఇచ్చే పెట్టె, పెట్టించమంటాను. కేబుల్ కుదరకపోతే కింద ఒకటి, పైన ఒకటి పెట్టి ఒకే వైఫై ఇచ్చే రెండు పీసుల మెష్ సెట్ ఉంది. అవి గాలిలోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కాబట్టి కేబుల్ అంత నిలకడ ఉండదు.

కాలర్: ఆ పాత రౌటర్నే పైన పెట్టుకోకూడదా?

ఇంజనీరు: కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయేమో చూడండి. ఆగిపోయి ఉంటే వద్దమ్మా. బ్యాంకు పనులూ, మీ అమ్మాయి ఆఫీసు పనీ దాని మీదుగానే కదా వెళ్లేది. నిజంగా రౌటర్ మార్చాల్సిన కారణాల్లో నేను ముందు చూసేది ఇదే.

కాలర్: మా తమ్ముడు చెప్పిన వైఫై 7?

ఇంజనీరు: ఆయన మంచి కోరే చెప్పారు. కానీ ల్యాప్‌టాప్ పాత తరం వైఫై 5ది అయితే రౌటర్ ఎంత కొత్తదైనా ల్యాప్‌టాప్ వైఫై 5 లాగే పనిచేస్తుంది. ఎప్పుడైనా కొంటే వైఫై 6ది, గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, పోర్టులున్నది మీకు చాలు.

కాలర్: కేబుల్ మా ఎలక్ట్రీషియన్ చేత లాగించొచ్చా?

ఇంజనీరు: లాగించండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం వెయ్యనివ్వకండి, వేరే పైపు వేయించండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాలర్, నమస్కారం, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?