సాడిల్ పీక్ ట్రెక్: కెమెరాతో వెళ్లేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది వెలుతురు గురించి

(దృశ్యం: తెల్లవారుజామున కాలీపూర్ బీచ్. నల్లటి రాళ్లు, తూర్పున సన్నటి ఎరుపు.)

ఇది ఉత్తర అండమాన్. డిగ్లీపూర్ నుంచి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాలీపూర్ తీరం. వెనక మబ్బు కప్పుకుని కనిపిస్తున్నదే సాడిల్ పీక్. ఎత్తు 732 మీటర్లు, అండమాన్ నికోబార్ దీవులన్నిటిలో ఇదే ఎత్తైన చోటు. దూరం నుంచి గుర్రపు జీనులా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. దాని చుట్టూ ఉన్న అడవి నేషనల్ పార్క్.

732 మీటర్లంటే తిరుమల కొండంత కూడా లేదు కదా అనిపించవచ్చు. కానీ ఇక్కడ నడక సముద్ర మట్టం దగ్గర, ఇసుకలో మొదలవుతుంది. అంత ఎత్తూ మీ కాళ్లే ఎక్కాలి, అదీ ఒళ్లంతా చెమటతో తడిసిపోయే ఉక్కలో.

(దృశ్యం: మ్యాప్. శ్రీ విజయపురం నుంచి డిగ్లీపూర్ దాకా రోడ్డు.)

ముందు దారి గురించి చెప్పేస్తాను. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్‌కి రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైనే. పొద్దున బయల్దేరితే చేరేసరికి రోజంతా పడుతుంది. మధ్యలో జార్వా తెగవాళ్ల రిజర్వ్ ఉంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి వాహనాలన్నీ కాన్వాయ్‌గా వెళ్లాలి. ఆ ముక్కలో కెమెరా బ్యాగులోనే ఉండాలి, ఫోన్ కూడా. జార్వాలను ఫోటో తీయడం చట్టరీత్యా నేరం. చట్టం లేకపోయినా తీయకూడదు. వాళ్ల ఇంటి మధ్యలోంచి మనం బస్సులో పోతున్నాం, అంతే.

ఇక అసలు విషయం, వెలుతురు.

(దృశ్యం: స్క్రీన్ మీద రెండు గడియారాలు, హైదరాబాద్, డిగ్లీపూర్.)

అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది, కానీ గడియారం మాత్రం మనదే. రేఖాంశాల లెక్కన హైదరాబాద్ కంటే సూర్యుడు ఇక్కడ దాదాపు గంట ముందు నడుస్తాడు. డిసెంబర్‌లో సాయంత్రం 5 గంటలకల్లా సూర్యాస్తమయం అయిపోతుంది. అడవిలోపల అయితే నాలుగు దాటగానే మసక. ఇంకో సంగతి, ఈ తీరం తూర్పు ముఖంగా ఉంది, కొండ పడమట ఉంది. మధ్యాహ్నం తర్వాత కొండ నీడ బీచ్ మీద పడిపోతుంది. అంటే సాయంత్రపు బంగారు ఎండ ఇక్కడ దొరకదు. ఫోటోకి పనికొచ్చే ఎండ అంతా పొద్దున్నే.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. పొద్దున ఎలాగైనా శిఖరం ఎక్కేయాలని తొందరపడి, దారి మొదట్లో ఉన్న లామియా బే తీరాన్ని దాటేస్తారు, తీరాన్ని తిరుగు ప్రయాణంలో తీసుకుందాంలే అనుకుంటారు. తిరిగొచ్చేసరికి అంతా నీడ. పైగా శిఖరం మీద చాలా రోజులు మబ్బే ఉంటుంది. నా మాట విని, ఫోటోల కోసమే వెళ్తుంటే రెండు రోజులు పెట్టుకోండి. ఒక పొద్దు తీరానికి, ఒక పొద్దు కొండకు. ఒక్క రోజే ఉంటే తీరం వెంట ఉన్న మొదటి రెండు మూడు కిలోమీటర్లు చాలు, శిఖరాన్ని వదిలేయండి.

(దృశ్యం: అటవీశాఖ గేటు, ఆ తర్వాత తీరం అంచున అడవి దారి.)

గేటు దగ్గర పేరు రాయించి, అనుమతి తీసుకుని వెళ్లాలి. శిఖరం దాకా ఒక వైపే దాదాపు 8 కిలోమీటర్లు. చీకటి పడకముందే బయటికి రావాలి. స్థానిక గైడ్‌ని తీసుకెళ్లండి, దారి కోసమే కాదు, మీ కళ్లకు ఆననివి వాళ్లకు కనిపిస్తాయి. నీళ్లు మనిషికి కనీసం మూడు లీటర్లు. కాలువలు సముద్రంలో కలిసే చోట నీళ్లలో దిగొద్దు, అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి.

లోపల చెట్లు చూడండి. మొదలు దగ్గర పలకల్లా విచ్చుకున్న వేళ్లున్న ఈ మహావృక్షం అండమాన్ పడౌక్. మన శేషాచలం ఎర్రచందనానికి ఇది దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతి. దీన్ని తీసేటప్పుడు పక్కన మనిషిని నిలబెట్టండి. లేకపోతే ఫోటోలో దాని పరిమాణం తెలియదు.

(దృశ్యం: చెట్టు బెరడు మీద ఆకుపచ్చ బల్లి, క్లోజప్.)

ఇది అండమాన్ ఆకుపచ్చ బల్లి. ప్రపంచంలో ఈ దీవుల్లోనే ఉంటుంది. మామూలు బల్లుల్లా రాత్రి కాదు, పగలే తిరుగుతుంది. నాకు మొదటిసారి కనిపించింది చెట్టు మాను మీద, చేతికి అందేంత దూరంలో. మెడ పక్కకి తిప్పి చూస్తోంది. కెమెరా ఎత్తితే వ్యూఫైండర్ నిండా తెల్లటి పొగ. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న లెన్స్, బయటి ఉక్కకి ఆవిరి పట్టేసింది. తుడిచినకొద్దీ మళ్లీ పడుతోంది. అది క్లియర్ అయ్యేలోపు బల్లి చెట్టు వెనక్కి వెళ్లిపోయింది.

అందుకే కెమెరాని రాత్రి ఏసీలో ఉంచొద్దు. ఉంచాల్సి వస్తే, జిప్ కవర్‌లో పెట్టి గాలి పోకుండా మూసి, బయటికి తెచ్చాక బయటి వేడికి వచ్చేదాకా తెరవొద్దు. బ్యాగులో తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు వేసుకోండి.

సెట్టింగుల విషయానికొస్తే, అడవి లోపల ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయి) 1600, 3200కి వెళ్లడానికి భయపడొద్దు. కొంచెం గరుకుగా ఉన్న ఫోటోని సరిచేసుకోవచ్చు, కదిలిపోయిన ఫోటోని ఏం చేయలేం. తడి ఆకుల మీద మెరుపు తగ్గాలంటే లెన్స్‌కి పోలరైజర్ ఫిల్టర్ పెట్టండి, పచ్చదనం తిరిగి వస్తుంది. మబ్బు పట్టిన రోజు దిగులు పడకండి. ఎండ రోజున ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలు ఫోటోని మచ్చలమయం చేస్తాయి, మబ్బు రోజే అడవి సమంగా వస్తుంది. డ్రోన్ మాత్రం అనుమతి లేకుండా తీసుకెళ్లొద్దు.

(దృశ్యం: మళ్లీ కాలీపూర్ బీచ్, రాత్రి. ఎర్ర లైటు వెలుగు.)

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే రాత్రి ఈ ఇసుక మీదికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్క ఫ్లాష్ వెలిగినా తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోవచ్చు. తాబేలు పిల్లలైతే వెలుగు ఎటుంటే అటు పాకుతాయి, దారి తప్పి చచ్చిపోతాయి. అందుకని ఫారెస్ట్ సిబ్బందితో వెళ్లండి, వాళ్లు ఆగమన్న చోట ఆగండి, కెమెరా గదిలో వదిలేయండి.

(దృశ్యం: తెల్లవారింది. ఇసుక మీద జాడలు.)

మీకు కావాల్సిన ఫోటో పొద్దున్నే దొరుకుతుంది. ఇసుక మీది తాబేలు జాడల్ని అలలు చెరపకముందే రండి. నీళ్ల దగ్గర నుంచి పైకి, మళ్లీ కిందికి, ట్రాక్టర్ టైరు నడిచినట్టు రెండు జాడలు. సూర్యుడు సముద్రం మీద ఇంకా కింద ఉన్నప్పుడు, మోకాళ్ల మీద కూర్చుని వెలుగుకి ఎదురుగా తీయండి. ఆ వాలు ఎండ కొట్టి, తాబేలు రెక్కలు ఇసుకని తోసిన ప్రతి గాటూ విడిగా కనిపిస్తుంది. గుంత ఉన్న చోటికి మాత్రం కాలు పెట్టొద్దు, కింద గుడ్లున్నాయి.