సున్నపు నీటిలో ఉడికిన మక్కలు: గ్వాదలహారాలో సోపేలు కాల్చిన ఉదయం

నమస్కారం. ఇక్కడ మెక్సికోలోని గ్వాదలహారాలో ఉదయం ఏడు గంటలు, కరీంనగర్‌లో సాయంత్రం ఆరున్నర. ఈ వీడియోను మా చిన్నమ్మ కోసం తీస్తున్నాను. పోయిన వారం నేను పంపిన ఫోటోలో సోపేలు అనే ప్రమిదల్లాంటి మక్కపిండి రొట్టెలను చూసి ఆమె, "అవి తింటే షుగర్ పెరగదా బిడ్డా, అసలు వాటిలో బలం ఏముంటుంది?" అని అడిగింది. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేస్తే ఆమెకు తృప్తి ఉండదు, నాకూ ఉండదు. అందుకే ఈ రోజు పిండి దగ్గర నుంచి మొదలుపెట్టి, పైన ఏమీ వేయని ఉత్త సోపేలో ఏముందో చూపిస్తాను.

మా వీధి చివర మొలీనో ఉంది, అంటే పిండిమర. మన గిర్నీలో పొడి గింజలు పోస్తే పొడి పిండి వస్తుంది, ఇక్కడ ఉడికి నానిన తడి మక్కలు పోస్తే మాసా అనే ముద్ద వస్తుంది. కిలో మాసాకు ఈ ఉదయం 24 పెసోలు ఇచ్చాను. పెసోను సుమారు ఐదు రూపాయలుగా లెక్కిస్తే 120 రూపాయలు. అందులో పదహారు సోపేలు వస్తాయి కనుక, ఇంట్లో చేసుకున్న ఒక్కోదాని ఖర్చు ఎనిమిది రూపాయలు దాటదు. అదే సోపేకు బండి మీద చిక్కుడుగింజల ముద్ద, జున్ను, సల్సా అనే పచ్చడి చేర్చి 30 పెసోలు, అంటే 150 రూపాయలు తీసుకుంటారు.

చేసే తీరు చూడండి. 60 గ్రాముల ముద్దను అరచేతి వెడల్పున మందంగా తట్టి, కొమాల్ అనే పెనం మీద రెండు వైపులా కాస్త కాల్చి, వేడి చల్లారకముందే దింపి, అంచు చుట్టూ వేళ్లతో గిల్లి చిన్న గోడ కట్టాలి. చల్లారాక గిల్లితే అంచు పగిలిపోతుంది. మొదటి నెలలో నా వేళ్లు కాలాయి, ఇప్పుడు అలవాటైంది. ఈ గోడను ఎలా నిలబెట్టాలో మొలీనోలోని పెద్దావిడ నా చేతులు పట్టుకుని నేర్పింది. ఆమెకు తెలుగు రాదు, నాకు అప్పటికి స్పానిష్ రాదు. ఇంట్లో పగలంతా మాట్లాడే మనిషి లేని ఆ రోజుల్లో ఎవరైనా అలా చేయి పట్టుకుని ఏదైనా చెప్పడం నాకు ఎంత ధైర్యాన్ని ఇచ్చిందో ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇక అసలు విషయం సున్నం. చిన్నమ్మా, తాంబూలంలో రాసుకునే సున్నం లాంటిదే ఇక్కడ కాల్ అనే పేరుతో అంగడిలో దొరుకుతుంది. కిలో ఎండు మక్కలకు దాదాపు 10 గ్రాముల సున్నం నీళ్లలో కలిపి, అరగంట పైన ఉడికించి, రాత్రంతా అలాగే వదిలేస్తారు. తెల్ల మక్కలు ఆ నీటిలో పడిన కాసేపటికే పసుపు రంగుకు తిరుగుతాయి. తెల్లవారి గింజను రెండు వేళ్ల మధ్య నలిపితే పైపొట్టు జిగురు పొరలా జారి వచ్చేస్తుంది. ఇలా ఉడికి నానిన గింజలనే నిష్తమాల్ అంటారు. సున్నం లేకుండా ఉడికించిన మక్కలను ఎంత మెత్తగా రుబ్బినా ఇలా సాగే ముద్ద రాదు. మన మక్కరొట్టె తట్టేటప్పుడు అంచులు పగలకుండా వేడినీళ్లతో పిండిని ఎంతసేపు మర్దించాలో మీకు తెలుసు.

సున్నం చేసే మేలు ముద్దను అతికించడంతో ఆగిపోదు. 100 గ్రాముల ఎండు మక్కల్లో కాల్షియం 7 మిల్లీగ్రాములే ఉంటుంది, సున్నంలో ఉడికి తయారైన 100 గ్రాముల పొడి మాసా పిండిలో అది దాదాపు 140. నా 60 గ్రాముల ముద్దలో నీరు పోగా పిండి సుమారు 27 గ్రాములు. కనుక ఉత్త సోపే ఒక్కటి తింటే దాదాపు 100 కెలరీలు, 20 గ్రాముల పిండిపదార్థం, రెండు గ్రాములకు కొంచెం పైన మాంసకృత్తులు, ఒక గ్రాము కొవ్వు, ఒకటిన్నర గ్రాముకు పైన పీచు, 40 మిల్లీగ్రాములకు లోపు కాల్షియం అందుతాయి. మూడు సోపేలు తింటే చిన్న గ్లాసు పాలలో ఉండేంత కాల్షియం వచ్చినట్టే. ప్యాకెట్ పిండిలోనైతే ఇనుము, ఫోలిక్ ఆమ్లం కూడా కలుపుతారు. పొట్టుతో పాటు కడిగిన నీటిలో కొన్ని బి విటమిన్లు పోతాయన్నదీ నిజమే.

పోయేవి పోగా, నయాసిన్ అనే బి విటమిన్ మాత్రం సున్నం వల్లనే ఒంటికి అందుతుంది. మక్కల్లో అది ఉన్నా బంధించి ఉంటుంది, ఉత్త నీటిలో ఉడికిస్తే మన పేగులు దాన్ని సరిగా తీసుకోలేవు. సున్నపు నీరు ఆ బంధాన్ని విడగొడుతుంది. మక్కలు సముద్రం దాటి ఐరోపాకు వెళ్లినప్పుడు గింజ వెళ్లింది కానీ సున్నం సంగతి వెంట వెళ్లలేదు. మక్కలే ప్రధాన తిండిగా బతికిన పేదలకు నయాసిన్ అందక, చర్మం నల్లబడి పొలుసులూడే పెలాగ్రా అనే జబ్బు పట్టుకుంది. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు దాన్ని గుర్తించి వివరించాడు.

ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. కరువు రోజుల్లో జొన్నల రవ్వో మక్కల రవ్వో ఉడికించిన గటక పూటకో గిన్నెడు తాగి పొలానికి వెళ్లేవాళ్లమని, ఎండకు కొందరి చేతులు కాలినట్టు నల్లబడి పొరలు లేచేవని ఆమె చెప్పేది. అది ఏ జబ్బో నేను నిర్ణయించలేను. కానీ దక్కన్ పీఠభూమిలో జొన్నలే ప్రధానంగా తినేవాళ్లలో పెలాగ్రా ఉండేదని, జొన్నల్లో, మక్కల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తుల్లోని ఒక భాగం) దానికి కారణం కావచ్చని హైదరాబాద్ పరిశోధకులు సి. గోపాలన్, ఆయన సహచరుడు 1960లో రాశారు. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో జరిగిన పని అది. నాయనమ్మ తమలపాకుల డబ్బాలో సున్నం ఎప్పుడూ ఉండేది. పక్కనే పొయ్యి మీద గటక ఉడికేది. ఆ రెండింటినీ కలపాలని చెప్పేవాళ్లు ఆ ఇంట్లో లేరు, మెక్సికోలో మాత్రం వేల ఏళ్లుగా ఉన్నారు. ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇన్ని మంచి మాటలు చెప్పాక లోటు కూడా చెప్పాలి. మక్కల మాంసకృత్తుల్లో లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ, సున్నం దాన్ని పెంచదు. చిక్కుళ్లలో లైసిన్ దండిగా ఉంటుంది కనుకనే సోపే మీద మొదట పడేది చిక్కుడుగింజల ముద్ద. మనం అన్నంలో పప్పు కలుపుకోవడం కూడా అలాంటిదే. అయితే బయట తినేటప్పుడు జాగ్రత్త. ఆ చిక్కుళ్లను చాలా చోట్ల పందికొవ్వులో వేయిస్తారు, సోపేను కూడా అందులోనే కాలుస్తారు. "సిన్ మాంతెకా" అని అడిగితే కొవ్వు లేకుండా ఇస్తారు. ఒక్క చెంచా కొవ్వు పీల్చినా 45 కెలరీలు పెరుగుతాయి. పొడి పెనం మీద కాల్చుకుంటే ఆ గొడవ ఉండదు.

చిన్నమ్మా, ఇక నీ షుగర్ సంగతి. మూడు సోపేల్లో 60 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అది రెండు వందల గ్రాముల అన్నానికి సమానం. మక్కరొట్టె కదా అని లెక్క లేకుండా తినడానికి వీల్లేదు. ఒకటో రెండో తిను, మీద పప్పు, కూర ఎక్కువగా వేసుకో. నేను ఈ పూట రాత్రి మిగిలిన పాలకూర పప్పును చిక్కగా వేడి చేసి రెండు సోపేల్లో పోశాను, చుట్టూ గోడ ఉంది కనుక పళ్లెంలోకి కారలేదు. డిసెంబరులో వచ్చేటప్పుడు వంటకు వాడే కాల్ ప్యాకెట్ ఒకటి తెస్తాను. మన చేను మక్కలు ఒక కిలో ఎండబెట్టి ఉంచు.